బందరు ఎండలో మంచుదేశపు కుక్క

మా ఆయనకి కాదనడం రాదు. చేపల వ్యాపారం చేసేవాడికి ఉండకూడని జబ్బు అది. గుడివాడలో మా సరుకు దించుకునే షావుకారు సొంత ఇల్లు వదిలి అపార్ట్‌మెంటులోకి మారుతూ, మా కుక్కని నువ్వు తప్ప ఇంకెవరూ పెంచలేరు బావా అన్నాడట. అంతే. పొద్దున చేపల ట్రేలతో వెళ్లిన మా ట్రాలీ ఆటో మధ్యాహ్నానికి కుక్కతో తిరిగొచ్చింది. అదేమో మంచు కొండల్లో తప్పిపోయిన మనుషుల్ని వెతికి పట్టుకునే జాతి అట. బందరు పక్కన మా ఊళ్లో మంచు అంటే ఐసు పెట్టెల్లో ఉండేదే. అందులో తప్పిపోయిన మనిషి ఇంతవరకూ లేడు.

అది గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. మా అత్తయ్య దాన్ని కిందికీ పైకీ చూసి, "తా దూర కంత లేదు, మెడకో డోలు" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట కుక్కకి కాదు, మాకు. రెండు గదుల ఇల్లు మాది. ఉన్నంతలో చల్లటి చోటు ముందు గదిలో ఫ్యాను కింద, మధ్యాహ్నం పూట అత్తయ్య చాప వేసుకునే చోటు. కుక్క ఒక్క రోజులో అది కనిపెట్టింది. మొదటి వారం అత్తయ్య దాన్ని లేపి తను పడుకునేది. రెండో వారం కాస్త జరగమని అడిగేది. మూడో వారానికి చాప గోడవారకి చేరింది. ఇదేంటని అడిగితే, ఆ ఏనుగుతో ఎవరు పెట్టుకుంటారు అనేది.

ఎండలు ముదిరాయి. దాని ఒంటి మీద జానెడు బొచ్చు చూస్తేనే మాకు ఉక్కపోసేది. పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించినట్టు దీన్నీ మోపిదేవి గుడికి తీసుకెళ్లి గుండు చేయించరా అని అత్తయ్య కొడుకుతో అంది. ఆవిడ నవ్వులాటకే అన్నా, మా ఆయన కాదనలేక బందరు వెళ్లి పశువుల డాక్టరు గారిని అడిగొచ్చాడు. గుండు చేయించొద్దన్నారు. ఆ బొచ్చే దానికి గొడుగట. రాలిపోయే బొచ్చు మాత్రం రోజూ దువ్వి తీసెయ్యాలట. నీడన కట్టాలి, గిన్నెలో నీళ్లు అయిపోకూడదు, తెల్లారకముందే తిప్పుకొచ్చెయ్యాలి, ఆగకుండా రొప్పుతుంటే వెంటనే ఫోన్ చెయ్యాలి.

దువ్వే పని నాకు పడింది. నా తల దువ్వుకోవడానికే తీరిక లేనిదాన్ని, రోజూ అరుగు మీద కూర్చుని కుక్క తల దువ్వేదాన్ని. అవతలి చివర అత్తయ్య కొబ్బరినూనె గిన్నెతో కూర్చుని తన జుట్టు దువ్వుకునేది. అరవై దాటినా నడుము దాకా జుట్టు ఆవిడకి. ఊళ్లో ఎవరి జడ గురించి మాట వచ్చినా తన ముడి ఒకసారి విప్పి కట్టుకోకుండా ఉండేది కాదు. "మీ ఏనుక్కి చిక్కులు పడ్డాయేమో చూసుకో" అని నన్ను ఆట పట్టించేది.

ఇక మిగతా జాగ్రత్తలంటారా, నేను సగమే విన్నాను. చల్లగా ఉంచడం గురించి మాకు ఇంకొకరు చెప్పాలా? పుట్టింట్లో ఐసే, మెట్టినింట్లో ఐసే. నేను కట్టిన చేపల ట్రే గుడివాడ వెళ్లినా చేప కన్ను తేటగా ఉంటుందని పేరు నాకు.

రోహిణి కార్తె వచ్చింది. ఒకరోజు మా ఆయన గుడివాడ వెళ్లాడు. పదకొండింటికి కరెంటు పోయింది. రోజూ ఆ వేళకి తిరిగే సముద్రపు గాలి తిరగలేదు. కుక్క నాలుక బారెడు వేలాడేసి రొప్పడం మొదలుపెట్టింది. నోటి నుంచి జొల్లు తీగలు సాగుతోంది. నేనేం కంగారు పడలేదు. ఐసు నీళ్లలో రెండు గోనెపట్టాలు ముంచి, మెడ నుంచి తోక దాకా కప్పి, అంచులు దాని ఒంటి కిందికి దోపాను. చేపల ట్రేలకి ఇన్నేళ్లుగా చేస్తున్న పనే. అది రెండుసార్లు లేవబోయింది. కదలకు అని నేనే పట్టి పడుకోబెట్టాను. ఇప్పటికీ అది గుర్తొస్తే నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

అరగంటకి దాని నాలుక ఇటుక రంగుకి తిరిగింది. కళ్లు ఎటో చూస్తున్నాయి. అత్తయ్య వచ్చి గోనె కింద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

"ఇది లోపల ఉడికిపోతోందే" అంది.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఏం చేశారని అడిగితే చెప్పాను, కొంచెం గొప్పగానే చెప్పానేమో కూడా.

"ముందు ఆ గోనె లాగెయ్యండమ్మా" అన్నారాయన. "చేపకి లోపల వేడి పుట్టదు. దీనికి పుడుతూనే ఉంటుంది. అది పోయే దారి మీరు మూసేశారు. నీళ్లు పోస్తూ విసరండి, విసురుతూనే తీసుకురండి."

నేను బకెట్లతో నీళ్లు పోశాను. కరెంటు లేదు కదా, అత్తయ్య తాటాకు విసనకర్ర అందుకుంది. ముడి ఊడిపోయి జుట్టంతా వీపు మీద పడినా ఆవిడ చెయ్యి ఆగలేదు. ఎదురింటివాళ్ల ఆటో పిలిచాం. కానీ దాన్ని ఎత్తడం ఎలా? చివరికి పాత వల పరిచి, దాని మీదికి దొర్లించి, ఆరుగురు మోశారు. వీధిలో వాళ్లు ఏ చేప పడిందని ఎదురొచ్చారు. ఆటోలోకి ఎక్కించేసరికి అందరికీ తలప్రాణం తోకకి వచ్చింది. దారి పొడుగునా అత్తయ్య విసురుతూనే ఉంది. మధ్యలో ఒకసారి కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. నాకు తిట్లేమో అనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. మా ఆయన గుడివాడ నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. "నావల్లే అయింది" అన్నాను.

"కాదు" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

రెండు రోజులకి అది లేచి నిలబడింది. మూడో రోజు ఇంటికొచ్చి, ఫ్యాను కింద తన చోటు తాను తీసుకుంది. ఆ తర్వాతి మంగళవారం అత్తయ్య, అవనిగడ్డలో చెల్లెల్ని చూసొస్తానని పొద్దున్నే బస్సెక్కింది. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంట్లోకి వచ్చాక కూడా కొంగు నెత్తి మీద బిగించి కప్పుకునే ఉంది. నేను మజ్జిగ అందిస్తుంటే కొంగు జారింది. గుండు. దాని మీద చెమటకి తడిసిన గంధం.

ఎందుకు అత్తయ్యా అని అడిగాను. ఆవిడ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆ రోజు ఆటోలో మోపిదేవి స్వామికి మొక్కుకున్నాను. దాని జుట్టు తియ్యకూడదన్నారుగా డాక్టరు గారు. అందుకని నాది ఇచ్చాను" అంది.

కుక్క లేచి వచ్చి ఆవిడ గుండు వాసన చూసి, గంధం సగం నాకేసింది. ఆవిడ వద్దనలేదు. చాప తెచ్చుకుని, ఫ్యాను కింద దాని పక్కనే వేసుకుని పడుకుంది.