ఆదివారం గదిలో రెండు కుర్చీలు

ఆదివారం పొద్దున తలుపు దగ్గరికి వేసుకుని మా మేడం ఎవరికి మొక్కేవారు? ఏళ్లుగా ఈ ప్రశ్న నాలో ఉంది. ఆమె చనిపోయారన్న కబురు మొన్న మహబూబాబాద్ నుంచి వచ్చినప్పుడూ ఏడుపు కంటే ముందు అదే గుర్తొచ్చింది.

ఆమె ఇంగ్లాండ్ చరిత్ర చెప్పేవారు. నేను ఆమె దగ్గరే చదివి, ఆ కాలేజీలోనే ఆమె పక్క బల్ల దగ్గర లెక్చరర్‌గా చేరాను. రాజుగారి చర్చికి రానివాళ్లకు జుల్మానా వేసిన కాలం, పూజారి లేకుండా మౌనంగా కూర్చుని ప్రార్థించినందుకు జైలుకు పోయిన క్వేకర్లు, జడ్జి ముందు మర్యాదకైనా వాళ్లు తలమీంచి తీయని టోపీలు... అంతా మన పక్క వీధిలో జరిగినట్టే చెప్పేవారు. ఆమె దగ్గర చదివినవాళ్లు మీలో ఉంటే ఆ టోపీలు గుర్తుండే ఉంటాయి. "తన దేవుని కోసం కొట్లాడుడు అల్కనే బిడ్డా. పక్కోని దేవుని కోసం కొట్లాడుడే కష్టం" అనేవారు.

ఉద్యమం రోజుల్లో కాలేజీ గేటు ముందు మా దీక్షా శిబిరం. ఒకనాడు రాష్ట్రం రావాలని అక్కడే హోమం చేశారు. అందరం చేతులు జోడించాం. ఆమె మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"జర వచ్చి ఒక్క దండం పెట్టుండ్రి మేడం. తెలంగాణ వద్దా ఏంది మీకు?" అన్నాడు తెలుగు సారు.

"తెలంగాణ గావాలె సారు. గీ రోడ్డు మీద ఎన్నొద్దులన్న కూసుంట. దండం సంగతి నాకు ఇడ్సిపెట్టుండ్రి."

"జడ్జి ముందట టోపీ తియ్యనోళ్ల పాఠం చెప్పే మేడం, నీ మాటింటదా సారూ!" అన్నారు వెనకనుంచి ఎవరో.

అందరూ నవ్వారు, ఆమె కూడా. నాకు నవ్వు రాలేదు. జోడించిన చేతుల్లో నాకు నమ్మకం లేదు, వాటిని విడదీసే ధైర్యమూ లేదు. ఆమెకు రెండూ ఉన్నట్టున్నాయే అని కడుపు మండింది.

అంతకంటే మండించింది ఇంకోటి. గంగారం దగ్గరి తండా నుంచి వచ్చి చదువుకునే ఒకమ్మాయి ఆదివారం ఆదివారం మేడం ఇంట్లో లోపలి గదికి పోయేది. నన్నేనాడూ ముందు గది దాటి రమ్మనలేదు.

మొన్న దాటాను. అప్పటికే అంత్యక్రియలన్నీ అయిపోయాయి. లోపలి గదిలో దేవుడి పటాల్లేవు, దీపం కుంది లేదు. కిటికీ వైపు తిప్పిన రెండు కుర్చీలు, అంతే. ఆ అమ్మాయి, ఇప్పుడు తనూ టీచరే, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఇక్కడ ఏం చేసేవాళ్లు?" అని అడిగాను.

"ఏం లేదక్కా. ఊకె కూసునేటోళ్లం. నేను మనసుల మా సీత్లా భవానికి మొక్కుకునేదాన్ని. మేడం ఎవరికి మొక్కుతరో నేనడగలే."

"ఒక్కసారి కూడా?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "'అక్కను గూడ పిలుద్దాం మేడం' అన్న నేనొకపారి. 'అది వస్తే అడగకుంట ఊకోదు' అని నవ్విండ్రు."

ఇంతలో బంధువొకాయన వచ్చి, "వాకిట్ల జనం నిలబడ్డరు" అంటూ కుర్చీలు రెండూ ఎత్తుకుపోయాడు. నేను బయటికి వచ్చేసరికి వాటిలో ఎవరో కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఏది ఆమెదో, ఏది ఆ అమ్మాయిదో ఇక తెలియదు.

నేను కుళ్లుకున్నది ఆమె నమ్మకాన్ని చూసేనా, ఆమె పక్కన ఆ రెండో కుర్చీని చూసేనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.