విమానంలో ఇంకొకరు

మొన్న సోమవారం పొద్దున పొగమంచులో మా ఊరవతలి గుట్టకు తగిలి కూలిన చిన్న విమానం గురించి మీరు చదివే ఉంటారు. మా పత్తి మిల్లు యజమాని తమ్ముడు, పైలట్, "ఇంకొకరు" చనిపోయారని పత్రికలో వేశారు. ఆ ఇంకొకరు మా నర్సమ్మ. మిల్లు దవాఖానాలో పనిచేసేది. మా పక్క గదిలోనే ఉండేది.

మా ఆదిలాబాద్ చలిలో ఆమె అందరికంటే ముందు లేచి బొగ్గుల కుంపటి మీద సూదులు ఉడకబెట్టేది. తరువాత అదే కుంపటి మీద చాయ్. "సూదుల నీళ్లు గావు, తాగు" అని నవ్వుతూ సాసర్లో పోసి ఇచ్చేది. మా ఇంట్లో అక్షరం వచ్చిన వాళ్లు ఎవరూ లేరు. నన్ను బడికి పంపమని బాపు వెంటపడింది ఆమే. "పత్తి ఏరుడు ఎప్పుడైనా నేర్సుకుంటది. సదువు ఇప్పుడే" అనేది.

చిన్న వయసులోనే ఆమె భర్త పోయాడు. గది దాటే ముందు తల బయటపెట్టి వాడకట్టు అటూ ఇటూ చూసేది. ఎవరైనా ప్రయాణమై పోతుంటే వెనక్కి తగ్గి తలుపు దగ్గరగా వేసుకునేది. నా మెట్రిక్ పరీక్ష రోజున నన్ను కన్న అవ్వ కూడా, "నర్సమ్మా, జరసేపు బయటికి రాకు" అంది. నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఆ తలుపు నేనే తెరిచాను.

"నువ్వు ఎదురొస్తెనే నేను పోత."

తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆమె ఎదురొచ్చింది. "నేను ఎదురైతే చెడే పనైతే, దాంట్ల బలమే లేనట్టు. పో బిడ్డా, మంచిగ రాయి."

మంచిగానే రాశాను.

యజమాని తమ్ముణ్ణి మేం చిన్నసారు అంటాం. ఆయనకు ఉబ్బసం. హైదరాబాద్‌లో పత్తి బేరం ఉండి బయలుదేరాడు. దారిలో ఆయాసం వస్తే సూది వేయడానికి నర్సమ్మను రమ్మన్నారు. కానీ ప్రయాణానికి ఎదురు రాకూడదట! అందుకని అందరికంటే ముందే తీసుకుపోయి విమానంలో కూర్చోబెట్టారు. సామాను మోసిన బాపు చూశాడు. మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, చలికి ముడుచుకుని, ఒక్కతే ఉందట. ఆమె చేయి కావాలి, ముఖం మాత్రం వద్దు.

మంచు విడిపోయేదాకా ఆగుదామని పైలట్ బతిమాలాడు. "రెక్క కొస గూడ కనవడ్తలేదు సార్" అన్నాడు. తమ్ముణ్ణి సాగనంపడానికి వచ్చిన పెద్దసారు గడియారం చూసుకున్నాడు.

"రాహుకాలం నువ్వు ఆపుతవా? లేపు!"

లేపాడు.

ఇప్పుడు పెద్దసారు బంగళా నుంచే ఒక మాట బయలుదేరింది. ముండమోపిని ఎక్కించుకుంటే విమానం కూలక ఏమైతది అని. మంచును ఎవరూ అనరు. రాహుకాలాన్ని ఎవరూ అనరు. నల్లా దగ్గర మా ఎదురింటి పెద్దవ్వ కూడా అదే పాట: "అది ఎక్కకుంటే చిన్నసారు బతుకుతుండె."

"ఆయనకు ఉబ్బసమొస్తే నువ్వు సూదేస్తుంటివా?" అన్నాను.

"నాలుగు అక్షరాలొస్తే నోరు గింత పెరుగుతదా!" అని బిందె ఎత్తుకుని పోయింది.

బాపు తను విన్నదంతా మాకు చెప్పాడు కానీ బయట నోరు విప్పలేదు. "కొలువు పోతది" అని అవ్వ భయం. నేను ఒక్కటే అడిగాను: "ఆమె లేకుంటే నీ బిడ్డ గూడ ఏలిముద్రనే ఏస్తుండె గద బాపూ?"

మిల్లులో సంతాపసభ పెట్టిన రోజున పెద్దసారు, "శకునం మంచిగ లేకుండె" అనగానే బాపు జనంలోంచి లేచాడు.

"శకునం గాదు సారూ. మంచు పోనీయుండ్రని పైలట్ సారు అన్నడు. రాహుకాలమని మీరే లేపిచ్చిన్రు. నేను ఆడ్నే ఉన్న."

మరునాడు బాపును గేటు దగ్గరే ఆపేశారు. ఇల్లు ఎట్లా గడుస్తుందో ఇంకా తెలియదు. అయినా ఆయన ఆ రోజు మాట్లాడకపోయి ఉంటే నేను చదివిన చదువు నాకే సిగ్గనిపించేది. ఊరు విన్నది మీరూ వినాలని రాస్తున్నాను.

ఈ తెల్లవారుజామున పెద్దవ్వ కోడలికి నొప్పులు మొదలయ్యాయి. చెప్పులైనా లేకుండా పెద్దవ్వ ఉరికొచ్చి పక్క గది తలుపు బాదింది.

"నర్సమ్మా! ఓ నర్సమ్మా! జర జల్ది రా!"

నేను బయటికి వచ్చేసరికి పిలుపు ఆగిపోయింది. మంచుకు తడిసిన తాళం మీద పెద్దవ్వ చేయి అట్లాగే ఉంది.