పసుపు నవారు

మొన్న ఆదివారం మా అబ్బాయి కొత్త కారు వాకిట్లో పెట్టాడు. వెనక సీట్లో మా మనవరాలి కోసం ఒక చిన్న కుర్చీ బిగించి ఉంది. చీరాల వెళ్ళడానికి కారెక్కి దాని పక్కన కూర్చుని, పట్టీ గట్టిదో కాదో చూద్దామని లాగాను. వేళ్ళకి నేత గరుకుగా తగిలింది, బకెల్ టక్కుమని పడింది. ఆ చప్పుడుతో పాటు పచ్చి పసుపు వాసన గుప్పున కొట్టింది. కొత్త కారులో పసుపెక్కడిది? ఎక్కడా లేదు. అది నా చిన్ననాటి వాసన. ఈలోగా పాప ఏడుపు లంకించుకుంది. “పాపం, ఆ కుర్చీలో ఎందుకత్తయ్యా, నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను. చీరాల ఎంత దూరమని?” అంది మా కోడలు. ఒళ్ళో వద్దన్నాను. అక్కడ మొదలైంది గొడవ. అదెక్కడ తేలిందో చివర్లో చెబుతాను. ముందు నాకీ మొండితనం నేర్పిన మనిషి గురించి చెప్పాలి.

మా ఊరు చిలకలూరిపేట పక్కనే. ఎటు చూసినా మిరప, పత్తి. మా గోడ అవతలి ఇల్లు చలమయ్య పెదనాన్నది. వరసకి పెదనాన్నే తప్ప రక్తసంబంధం లేదు. పేటలో దూది మిల్లులో ఆయనకి వాటా ఉండేది. ఆ వాటా పుణ్యమా అని మా ఊళ్ళో మొదటి కారు ఆయన వాకిట్లోనే ఆగింది. ఎవరో అమ్మేసిన పాత నల్ల కారు. అయినా దాని గొప్ప దానిది. ఆ రోజుల్లో కారంటే ముందు సీటే. పెళ్ళికొడుకునైనా పసిబిడ్డనైనా ముందు కూర్చోబెట్టి, ఊరంతా చూసేలా తీసుకెళ్ళాలి. పెదనాన్న భార్య రాఘవమ్మ పెద్దమ్మ కూడా తన కూతురు పద్మని అలాగే ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చునేది. ఒకరోజు రోడ్డుకి గేదె అడ్డం వచ్చింది. పెదనాన్న బ్రేకు వేశాడు. గేదెకి ఏమీ కాలేదు. పద్మ మాత్రం తల్లి చేతుల్లోంచి ఎగిరి ఎదురుగా ఉన్న ఇనుప రేకుకి కొట్టుకుని పోయింది.

పరామర్శకి వచ్చిన వాళ్ళంతా ఒకటే మాట. దాని రాత అంతవరకే ఉందమ్మా, తల్లి ఒళ్ళో పోయింది, అదైనా అదృష్టమే అని. పెద్దమ్మ అందరి మొహాల మీదా ఒకే జవాబు కొట్టింది. “రాత కాదు, బ్రేకు. గట్టిగానే పట్టుకున్నాను. మనిషి చేతులు ఆపలేవు. ఎవరి చేతులైనా సరే.” కూతురు పోయిన మనిషి అలా మాట్లాడితే జనానికి నచ్చదు. గుండెలు బాదుకుని ఏడిస్తే నచ్చుతుంది. ఏమిటా మాటలు, మతి చలించిందని బుగ్గలు నొక్కుకున్నారు.

తర్వాత ఆమె చేసిన పని చూసి మతి చలించిందనే తేల్చేశారు. మంచానికి అల్లే తెల్ల నవారు తెప్పించింది. జట్కా గుర్రం పట్టీలకుండే బకెళ్ళు కుట్టించింది. కారు వెనక సీటు కింద ఇనుప చట్రానికి దాన్ని బిగించింది. రెండు భుజాల మీదుగా తెచ్చి, నడుం చుట్టూ తిప్పి పిల్లల్ని కట్టేయాలన్నమాట. తనకిక పిల్లలు లేరు. ఆ కారెక్కే పిల్లలంటే ఊళ్ళో పక్కింటి వాళ్ళం, నేనూ తమ్ముడూ. “కదలకే సుశీలా” అంటూ కట్టి, నా రొమ్ము దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూసేది. వేళ్ళు వదులుగా ఆడితే మళ్ళీ బిగించేది. వీధి పిల్లలు కారు వెంట పరుగెత్తుకొస్తూ “దూడని కట్టేశారోయ్!” అని అరిచేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. “ఏడువు. ఏడిస్తే ఏమీ కాదు” అనేది పెద్దమ్మ.

దూడ మాట ఎలాగో భరించవచ్చు. మా నాయనమ్మ అన్న మాట అలాంటిది కాదు. ఒకరోజు కారు తలుపు తీసి నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. “కొత్త తెల్ల గుడ్డతో మనిషిని కట్టేది ఎక్కడే రాఘవమ్మా? పాడె మీద కదూ! నా మనవరాలిని బతికుండగానే కడతావా?” అంది. మా వైపు శవాన్ని పాడెకి కట్టకుండా కదల్చరు. ఆ కట్టు గుర్తొచ్చిందంటే ఇక ఎవరూ ఆ కారెక్కరు. పెద్దమ్మ మర్నాడు నవారునంతా పసుపు నీళ్ళలో ముంచి గోడ మీద ఆరేసింది. “ఇప్పుడు శుభమేగా అత్తయ్యా? ఇక నోరెత్తకండి” అంది. పెళ్ళికి, పేరంటానికి ఎలా వెళ్ళినా, మా గౌన్ల మీద రెండు పసుపు చారలు ఉండాల్సిందే.

మా తమ్ముడు శేషుకి మూడో ఏడు వచ్చింది. వాడి పుట్టువెంట్రుకలు కోటప్పకొండ మీద తీయిస్తామని మొక్కు. నాన్న మిరపకోతల్లో ఉండి రాలేకపోయాడు. పెదనాన్న కారు తోలాడు, పక్కన పెద్దమ్మ. వెనక అమ్మ, నాయనమ్మ, మేమిద్దరం. వెళ్ళేటప్పుడు ఇద్దరం పసుపు నవారులోనే వెళ్ళాం. మా మేనమామ నేరుగా కొండకొచ్చి, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుండు చేయించి, బస్సెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ ముందు నన్ను కట్టింది. తర్వాత శేషు మీదికి వంగింది. వాడు గంధం పూసిన గుండుతో, ఎండకి కందిపోయి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నాయనమ్మ వాణ్ణి లాక్కుంది.

“దేవుడికి జుట్టిచ్చి వస్తున్న బిడ్డ. ఇప్పుడు వాణ్ణి కట్టనివ్వను.”

“అత్తయ్యా, దేవుడు కారు తోలడు. ఇలా ఇవ్వండి.”

“నా చేతుల్లో ఉంటే నీకేమిటి భయం?”

“పద్మ కూడా చేతుల్లోనే ఉంది. ఇలా తీసుకెళ్తే వీడూ దక్కడు!”

అన్నది ఈ మాటే. ఉన్నదున్నట్టు రాశాను. నాయనమ్మ చెవులు మూసుకుంది. అమ్మ తల దించుకుంది. “వీణ్ణి కట్టేదాకా నేనీ కారులో రాను” అని పెద్దమ్మ దిగి రోడ్డు మీద నిలబడింది. సొంత కూతురు పోయిన కారది, తోలింది పెదనాన్నే. అయినా, “అలిగిందిలే. బస్సులో వస్తుంది” అని కారు స్టార్టు చేశాడు. ముందు సీటు ఖాళీ అయింది కదా, గాలి తగిలితే పిల్లాడు ఊరుకుంటాడని నాయనమ్మ వాణ్ణెత్తుకుని అక్కడికి మారింది.

పేట రోడ్డు మలుపులో పత్తి బస్తాల ఎడ్లబండి అడ్డంగా ఉంది. పెదనాన్న బ్రేకు వేశాడు. పసుపు నవారు నన్ను వెనక్కి గుంజి పట్టుకుంది. భుజాలు కోసుకుపోయినంత నొప్పి. అమ్మ ముందు సీటుకి గుద్దుకుని కింద పడింది. నాయనమ్మ నుదురు పగిలింది. దారి పొడుగునా వినబడిన శేషు ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. నాకు ముందు అదే తెలిసింది. బండివాడి కేకలకి పొలాల్లోని వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నా కట్లు ఎలా విప్పాలో వాళ్ళెవరికీ తెలియలేదు.

కాసేపటికి వెనక నుంచి బస్సొచ్చి ఆగింది. అందులోంచి పెద్దమ్మ దిగింది. ముందు సీటు వైపు ఒక్కసారి చూసింది. నేరుగా నా దగ్గరికి వచ్చి బకెళ్ళు విప్పింది. నన్ను చంకనెత్తుకుని రోడ్డు మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది. పద్మ పోయినప్పుడు ఏడవలేదన్న వాళ్ళు వచ్చి చూడాల్సింది.

మా వాళ్ళు ఆ పోయిన ప్రాణాన్ని ఎవరి నెత్తిన వేశారంటారు? కారు తోలినవాడి నెత్తినా? కట్టనివ్వని మనిషి నెత్తినా? అబ్బే! “దాని నోరు మంచిది కాదు. దక్కడంది, దక్కకుండా పోయాడు” అంది నాయనమ్మ. ఊరు తలూపింది. నేను ఎందుకు బతికానని ఒక్కరూ అడగలేదు. నా భుజాల మీద వాతలు మానకముందే, ఆ నవారుని కారులోంచి కోయించి తెచ్చి నీళ్ళపొయ్యిలో పెట్టింది నాయనమ్మ. నన్ను కాపాడినదాన్ని కాల్చి, ఆ నీళ్ళు నాకే పోశారు. అమ్మ చూస్తూ ఊరుకుంది. చనిపోయినవాళ్ళని అనకూడదంటారు. అంటాను. నాకు మా నాయనమ్మ మీద కోపం ఇప్పటికీ పోలేదు, అమ్మ మీద అంతకన్నా ఎక్కువ.

పెద్దమ్మతో మాటలు బంద్. ఆమె ఎదురైతే శుభకార్యానికి వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు. నా పెళ్ళికి పిలవలేదు. కడుపుతో పుట్టింటికి వచ్చినప్పుడు, ఎవరేమనుకుంటే నాకేమని పట్టపగలు అందరి ముందే వాళ్ళింటికి వెళ్ళాను. కారు లేదు, అమ్మేశారు. పెదనాన్న మంచంలో ఉన్నాడు. పెద్దమ్మ అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేచి, ఏమీ అడక్కుండానే నా భుజం మీద చెయ్యి వేసి తడిమింది.

“నీ మాటే నిజమైంది పెద్దమ్మా. ఎవరూ ఒప్పుకోలేదు” అన్నాను.

“నిజమైతే ఏం లాభమే? నేను దిగకుండా ఉండాల్సింది. దిగాను కాబట్టి ముందు సీటు ఖాళీ అయింది. తిట్టనీ, కొట్టనీ, కారులోనే కూర్చుని పోట్లాడాల్సింది. అలిగి దిగితే వాళ్ళకి సుఖమైంది. నువ్వు మాత్రం ఎప్పుడూ దిగకు.”

ఊరు వేసిన నింద ఆమెకి లెక్కే లేదు. ఈ ఒక్కటి మాత్రం పోయేదాకా ఆమెను తినేసింది. ఆమె పోయినప్పుడు మా ఇంట్లోంచి నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఇక మొన్నటి ఆదివారం. “ఒళ్ళో పెట్టుకుంటే పిల్ల దక్కదు” అన్నాను కోడలితో. మా అబ్బాయి స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాడు. “ఏంటమ్మా ఇది? బయలుదేరేటప్పుడు నీ నోట ఒక్క మంచి మాట రాదా?”

“రాదు.”

“అంత భయమైతే నువ్వు దిగమ్మా. మేం వెళ్ళొస్తాం.”

“నేను దిగనురా. కావాలంటే రోజంతా ఇక్కడే కూర్చుంటాను.”

వాడు వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. కోడలు మూతి ముడుచుకుని పాపని కుర్చీలో కూర్చోబెట్టింది. నేను పట్టీ బిగించి, రొమ్ము దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూశాను. కారు కదిలింది. పాప చీరాల దాకా ఏడుస్తూనే ఉంది. ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆ ఏడుపు ఆగకుండా వినబడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది.