పేరు, ఊరు, ఎవరి తాలూకా

మా జీడిపప్పు కొట్టు మునిగిపోబోయిన సంగతి పలాసలో ఇప్పటికి అందరూ చెప్పేశారు. మా బావ చెప్పాడు. ఎదురు టీకొట్టాయన చెప్పాడు. ఆ రోజు ఊళ్లోనే లేని మా పెదనాన్న కూడా కళ్లారా చూసినట్టు చెప్పాడు. ముంచబోయినవాణ్ని నేను. నన్ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను, వినండి.

కొట్టు మా అప్పది. అక్కను మా వైపు అలాగే పిలుస్తాం. అక్కడ నేను తూకం వేస్తాను, బావ సలహాలు వేస్తాడు. ఆరేళ్ల కిందట కొట్టుకు వెబ్‌సైటు చేయిద్దామని అప్ప విశాఖపట్నం నుంచి ఒకతన్ని పిలిపించింది. అతను నా మాటను మధ్యలో ఆపి, "అంకుల్, మీరలా కూర్చోండి" అన్నాడు. నాకప్పటికి ముప్పై నాలుగేళ్లు. ఆ మాట నాకు నేటికీ అరగలేదు.

"ఆయన్ని పంపించియ్యప్పా. సైటు నానే సేత్తాను" అన్నాను.

"నువ్వేటి సేత్తావు బామ్మర్దీ? ఫోన్లో లైటు ఆర్పడం రాక, జేబులో దీపంతో ఊరంతా తిరిగినావు" అన్నాడు బావ.

ఇది కూడా గుర్తుపెట్టుకున్నాను.

రెడీమేడ్ చొక్కాల్లా వెబ్‌సైట్లు కూడా రెడీమేడ్‌గా దొరుకుతాయి. అలాంటిదొకటి తెచ్చి మూడు వారాలు కుస్తీపట్టాను. దాని నుదుటిమీద ఎవరిదో పిజ్జా బొమ్మ ఉండేది. ఎంత పీకినా ఊడలేదు. దానిమీదే జీడిపప్పు బొమ్మ అతికించాను. ఓ పక్కన పిజ్జా అంచు కాస్త కనబడేది. మీరైతే పట్టించుకునేవారా?

ఇక్కడిదాకా బాగానే ఉంది. మా కొట్టుకు ఎవరొచ్చినా అప్ప ముందు గుప్పెడు పప్పు చేతిలో పోస్తుంది. కొన్నా సరే, కొనకపోయినా సరే. మా నాయనమ్మ నాటి మర్యాద అది. మరి వెబ్‌సైటుకు వచ్చినవాళ్లేం పాపం చేశారు? "మా సైటుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ గుప్పెడు పప్పు ఉచితం. వివరాలు రాయండి, ఇంటికి పంపుతాం" అని ఎర్రటి అక్షరాలతో పెట్టాను.

తొమ్మిది రోజులు ఒక్క మనిషి తొంగిచూడలేదు. లోకం నన్ను పట్టించుకోవడం లేదని దొరికినవాళ్లందరికీ చెప్పుకున్నాను. పదో రోజు పొద్దున్న ఏ పుణ్యాత్ముడో ఆ ఎర్రక్షరాలను వాట్సాప్‌లో తిప్పాడు. అంతే. నౌపడ రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి పెట్టెల్లా పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి పద్నాలుగు వందల మంది.

అప్ప తీసిన గుప్పెడు పప్పును బావ కాటాలో పోశాడు. "నలభై గ్రాములు. మొత్తం యాభయ్యారు కిలోలు బామ్మర్దీ. నీ మొకం తూచినా అంత రాదు."

కొట్టులో ఆ రోజు ఉన్నవి ఆరు డబ్బాలు, డబ్బాకు పది కిలోలు. అన్నీ విరగని పెద్ద పప్పు. బరంపురంలోని ఒక మిఠాయి కొట్టుకు మర్నాడే వెళ్లాలి. మా కొట్టు నడుస్తున్నదే ఆ ఒక్క బేరం మీద. ఒక్కసారి మాట తప్పామా, వాళ్లకు పలాసలో కొట్లకేం కొదవ?

అప్ప నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. డబ్బా మూత తీసింది.

"అప్పా, ఏటి సేత్తన్నావు?"

"మాటిచ్చినాం గదా. పంపాల."

"మరి బరంపురం?"

"ఆల్లకి నాను సెప్పుకుంతాను. నువ్వు సదువు. మొదటోలు ఎవలు?"

ఫోనులో జాబితా తెరిచాను. చదివాను. "రమేష్."

"ఏ ఊరు?"

"హైదరాబాదు."

"ఎవలి తాలూకా?"

"మా మావగారి తాలూకా, అని రాశాడు."

బావ కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "సరే, ఇంటి నంబరు సెప్పు."

నేను ఫోను కిందికి జరిపాను. పైకి జరిపాను. తిప్పి వెనక వైపు కూడా చూశాను.

మా కొట్టులో కొత్త మనిషిని అడిగేవి మూడే. పేరు, ఊరు, ఎవరి తాలూకా, అంటే ఏ ఇంటి మనిషివని. నందిగాం అప్పన్న, సింహాచలంగారి తాలూకా అంటే చాలు. ప్యాకెట్టు బస్సు కండక్టరుకిచ్చినా ఇంటికి చేరిపోతుంది. వెబ్‌సైటులోనూ నేను ఆ మూడు గడులే పెట్టాను. వీధి, ఇంటి నంబరు, ఫోను అడగాలని నాకు తట్టనే లేదు.

"ఇంకోటి సదువు" అంది అప్ప.

"లావణ్య. బెంగళూరు. ‘అంటే ఏమిటండీ?’ తాలూకా."

అప్ప నా చేతిలోని ఫోనులోకి తొంగిచూసింది. తర్వాత డబ్బా మూత మెల్లగా బిగించింది. బిగించి, అక్కడే జీడిపిక్కల బస్తామీద కూలబడి, పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"పద్నాలుగొందల మందికి మాటిచ్చి, ఒక్కడికీ పంపనేకుండా సేసినావు! ఏ కంపినీవోడికొచ్చునురా ఈ ఇద్దె?" అన్నాడు బావ.

ఆ సాయంత్రమే ఎర్రక్షరాలు తీసేసి, "రుచి చూడాలంటే కొట్టుకు రండి" అని పెట్టించింది అప్ప. మర్నాడు ఆరు డబ్బాలూ ఎక్కిన ఆటో మలుపు తిరిగి కనబడకుండా పోయాక నేను వదిలిన ఊపిరికి కాటా ముల్లు కదిలింది.

మూడోనాడు నిమ్మాడ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మెట్టు ఎక్కకుండానే మొదలెట్టాడు.

"మీ సైటులో మూడు సార్లు రాసినాను. పలకరేటి? మేం మనుసులం కామేటి?"

పావుగంట దులిపాడు. ఇంత చక్కగా ఫిర్యాదు చేసే మనిషిని నేను తప్ప ఇంకొకరిని చూడలేదు. అప్ప ఆయన చేతిలో గుప్పెడు పోసింది. నోరు నిండింది, గొడవ ఆగింది. గృహప్రవేశానికి పన్నెండు కిలోలు చెప్పి వెళ్లాడు.

పిక్కలు కాల్చే పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక వెబ్‌సైటు జోలికి పోను. పోయినా అందులో మర్యాదలు పెట్టను. పెట్టినా, చచ్చినా ఇంటి నంబరు మాత్రం అడగను.

కానీ ఒక్క మాట. ఆ గడి నేను మరిచిపోబట్టే కదా డబ్బాలు దక్కాయి? ఆ ఘనత నాదా, కాదా? ఆరేళ్లుగా అడుగుతున్నాను. అప్ప నవ్వుతుంది, బావ పేపరు తిరగేస్తాడు. అందుకే ఈసారి కాగితం మీద అడుగుతున్నాను. అప్పా, బావా, నా పేరు, ఊరు, తాలూకా మీ ఇద్దరికీ తెలుసు. జవాబు చెప్పండి.