ఫిర్యాది, ముద్దాయి ఒకే సీట్లో: కొల్లాపూర్ కోర్టుకు ప్రయాణం

దూరవిద్యలో నేరశాస్త్రం చదువుదామని చేరి, మొదటి పాఠంలోనే ఆగిపోయాను. దెబ్బలు తిన్నది ఒకరైనా కేసు నడిపేది ప్రభుత్వమని అందులో ఉంది. అదెలాగో పుస్తకంతో తెలియలేదు. కోర్టు హాల్లో ఎవరైనా కూర్చుని వినవచ్చన్నారు. ఒక సోమవారం మహబూబ్‌నగర్‌లో ఆరింటి బస్సెక్కి, నాగర్‌కర్నూల్‌లో టీ తాగి కొల్లాపూర్ బస్సు మారాను. రెండు టికెట్లూ కలిపి రెండు వందలు దాటలేదు.

రెండో బస్సులో నా పక్కన ఎల్లయ్య, బాలయ్య అనే రైతులు కూర్చున్నారు. అన్నదమ్ముల పిల్లలు, ఎల్లయ్య పెద్దవాడు. ఎల్లయ్య ఒళ్లో బట్టల సంచి ఉంది. ఎక్కడికని అడిగాను.

“కోర్టుకు సారూ. నా మీద వారంటొచ్చింది. జైల్ల ఏస్తరేమోనని బట్టలు తెచ్చుకున్న,” అన్నాడు ఎల్లయ్య.

“కేసు పెట్టినోన్ని నేనే. పొలం గెట్టు కాడ పడేసి గుద్దిండు,” అన్నాడు బాలయ్య.

“మరి ఇద్దరూ కలిసే పోతున్నారేం?”

“పెద్దమనుషులు కూసుండి రాజీ చేసిన్రు. ఇద్దరికీ కల్లు పోయించిన్రు. గా దినంతోటి కేసు ఒడ్సిందనుకున్నం,” అని, ఎల్లయ్య తమ్ముడి వైపు తిరిగాడు. “నువ్వన్న కోర్టుల చెప్పొద్దారా?”

“కొట్టేది నువ్వు, తిరిగేది నేనా?”

తొమ్మిదిన్నరకు దిగాం. పదిన్నరకు పేర్లు పిలవడం మొదలైంది. వాయిదాలకు ఎందుకు రాలేదని మేజిస్ట్రేటు మేడం అడిగితే, ఎల్లయ్య కల్లు సంగతే చెప్పాడు. హాల్లో నవ్వారు. ఆమె నవ్వలేదు. ఫిర్యాదిని పిలిచారు.

“ఇష్టపడే రాజీ అయ్యారా? ఎవరైనా ఒత్తిడి చేశారా?”

బాలయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎల్లయ్య అతన్నే చూస్తున్నాడు.

“బెదిరియ్యలే అమ్మా. గని గెట్టు రాళ్లు మల్ల నాటిస్తనన్నడు, ఇంకా నాటలే. నాటినంక ఒప్పుకుంట.”

ఆమె వారంటు రద్దు చేసి, మరో వాయిదా ఇచ్చారు. ఈసారి రాకపోతే జైలేనన్నారు.

బయట ఎల్లయ్య తమ్ముడి మీద లేచాడు. “బస్సుల ఒక్క మాటన్న చెప్పకపోతివి!”

“బస్సుల నన్నెవరడిగిన్రే?”

కేసు ప్రభుత్వానిదే. వారిద్దరూ కలిసి తాగినా అది ఆగలేదు. కానీ నీకు ఇష్టమేనా అని బాలయ్యను అడిగింది కూడా అక్కడే. ఊళ్లో రాజీ చేసిన రోజు ఆ మాట ఎవరూ అడగలేదట. పాఠంలో సగం అర్థమైంది, మిగతా సగానికి ఇంకోసారి వెళ్లాలి. మీరూ వెళ్లేట్టయితే ఫోను ఆపేసి, పదిన్నరకు ముందే వెనక బెంచీలో కూర్చోండి. మధ్యాహ్నం వెళ్తే బాలయ్య లాంటివాళ్లు చెప్పేది చెప్పి వెళ్లిపోయి ఉంటారు.