దేవి చెల్లెలు సత్యకుమారి

రాజోలు దగ్గరి సత్యకుమారికి తోబుట్టువులు లేరు, ఒక్కతే కూతురు. ఇంటర్ మంచి మార్కులతో పాసై, డబ్బు లేక డిగ్రీలో చేరలేక నాలుగేళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. ఇంతలో నాన్న మంచాన పడ్డాడు. పూట గడవడమే గగనమైంది. అప్పుడు ఊడిపడ్డాడు అప్పాజీ, ఆడవాళ్ళను దుబాయ్ పంపే ఏజెంటు.

"సదువుకున్నానని ఎక్కడా నోరిప్పకే తల్లీ. సదువుకున్నోళ్ళు మాట వినరని ఏ ఇంట్లోనూ పనికెట్టుకోరు. వయసంటావా, ముప్పై నిండితేగానీ పంపరు. ఆ సంగతి నే సూసుకుంటాలే."

చూసుకున్నాడు మహానుభావుడు! ఇంట్లో పిలిచే 'దేవి' పేరు మీద, చదువు లేదని రాయించి, ఇరవై రెండేళ్ళ పిల్లకు ముప్పై ఏళ్ళు నింపి పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. పదో తరగతి పాసైనవాళ్ళకు ఆ ముప్పై ఏళ్ళ షరతే వర్తించదని ఆమెకు ఎవరు చెప్పాలి? ఆ సంగతి తెలిసేసరికి దుబాయ్‌కి రెండు గంటల దూరంలోని అల్ ఐన్ ఊళ్ళో ఒక అరబ్బు ఇంట్లో గిన్నెలు తోముతోంది.

ఆ ఇంటి చిన్నపిల్ల చేత ఇంగ్లీషు అక్షరాలు దిద్దించేదీ తనే. దిద్దించగా దిద్దించగా, నర్సరీ బడిలో టీచరు కావాలన్న ఆశ పుట్టింది. దుబాయ్‌లోని కరామా పేటలో ఒక కమ్యూనిటీ కాలేజీ ఉందనీ, రెండేళ్ళు అక్కడ తక్కువ ఫీజుతో చదివితే మిగతా డిగ్రీ యూనివర్సిటీలో పూర్తి చేయవచ్చనీ పక్కింటి వంటమనిషి సైదున్నీసా చెప్పింది. ఇంటి యజమానురాలు కూడా "సెలవు రోజున వెళ్ళి చదువుకో, యల్లా, బయల్దేరు" అంది. అమ్మ పంపిన సర్టిఫికెట్లూ, పాస్‌పోర్టూ పట్టుకుని బస్సెక్కింది సత్యకుమారి. దేవీ, సత్యకుమారీ ఒకే మనిషని తనకు తెలుసు కదా, కాగితాలకూ తెలుసనుకుంది పిచ్చిపిల్ల.

కాలేజీలో అడ్మిషన్లు చూసే శాంతిప్రియ తెలుగమ్మాయే. మార్కులు చూసి "అబ్బో!" అంది. తర్వాత పాస్‌పోర్టు తెరిచింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"పేరు వేరు. పుట్టిన తేదీలో ఎనిమిదేళ్ళ తేడా ఉందండీ. ఈ సర్టిఫికెట్లు మీవేనా?"

నావే అంటే పాస్‌పోర్టు అబద్ధమవుతుంది. ఆ పాస్‌పోర్టు మీదే వీసా, వీసా మీదే పని, పని మీదే నాన్న మందులు. సత్యకుమారి ఖాళీ కవరు మడతలు సరిచేయసాగింది.

"మీ చెల్లెలివా? పొరపాటున తెచ్చారా?" శాంతిప్రియ తనే అందించింది. "ఫొటోలో అచ్చం మీ పోలికే."

"అవునండి. మా చెల్లివేనండి."

"మరి మీవి?"

"నేనేం చదువుకోలేదండి."

శాంతిప్రియకు జాలేసింది. "పోనీ, ఆ అమ్మాయినైనా పంపండి. ఈ మార్కులకు కళ్ళకద్దుకుని సీటిస్తాం."

సత్యకుమారి సర్టిఫికెట్లు కవరులో పెట్టుకుంది. ఇక ఆ కవరు విప్పే పని ఎప్పటికీ పడదని ఆమెకు అర్థమైపోయింది.

"పోయిందండి అది."

"అయ్యయ్యో! ఎన్నేళ్ళకి?"

"ఇరవై రెండుకండి," అంటూనే భోరుమంది. ఈ దేశం వచ్చాక ఒకరి ఎదుట ఏడవడం అదే మొదలు. శాంతిప్రియ కుర్చీలోంచి లేచి వచ్చి, చెల్లెల్ని పోగొట్టుకున్న ఆ అక్కను దగ్గరికి తీసుకుని ఓదార్చింది.