లీటరుకు ఇరవై ఏడు

పోయిన ఆదివారం నిజాంసాగర్ రోడ్డు మీద, ఆరబోసిన వడ్ల పక్కన నిలబడి, నాలుగేళ్లుగా నమ్ముకున్న ఒక అంకెను పోగొట్టుకున్నాను. ఆ అంకె ఇరవై ఏడు. లీటరు పెట్రోలుకు మా చిన్న కారు ఇచ్చే కిలోమీటర్లు. ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వదలచినవారు చివరిదాకా ఆగి నవ్వితే నాకు కొంత మర్యాదగా ఉంటుంది.

బాన్సువాడలో నేను కాలేజీకి నడిచే వెళతాను. కారు మా ఆవిడ సుజాతకు కావాలి. ఆమె డోంగ్లి వైపు ఒక బడిలో పాఠాలు చెబుతుంది, రోజూ తానే నడుపుకుంటూ వెళ్లి వస్తుంది. నా వంతుకు వచ్చింది లెక్క. ప్రతి ఆదివారం ట్యాంకు నిండా పోయించి, రీడింగు చూసి, నల్ల అట్ట నోటుబుక్కులో రాసి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తాను. కంపెనీ కాగితం చెప్పే మైలేజీ వేరు, రోడ్డు ఒప్పుకునే మైలేజీ వేరు. మనుషుల విషయం కూడా ఇంతే కదా అని ఆ పుస్తకం ముందు కూర్చున్నప్పుడల్లా అనిపించేది.

మొదటి రెండేళ్లు పద్దెనిమిది దాటలేదు. తరువాత పెట్రోలు ముల్లు పాడైంది. ఎంత పోసినా ఎర్రగీత మీదే పడుకునేది. బాగు చేయించలేదు. పుస్తకం ఉండగా ముల్లెందుకు? ఇంచుమించు ఆ రోజుల్లోనే, భోజనాల దగ్గర, యాక్సిలరేటరు మీద కాలు ఎలా ఉంచాలో సుజాతకు చెప్పడం మొదలుపెట్టాను. తొక్కకూడదు, ఆనించాలి అన్నాను. ఆమె పప్పు వడ్డిస్తూ తల ఊపింది. మూడు నెలల్లో పద్దెనిమిది ఇరవై రెండైంది, ఇరవై నాలుగైంది, చివరికి ఇరవై ఏడు దగ్గర స్థిరపడింది. మాట మనిషిని మార్చగలదని అప్పటిదాకా వ్యాసాల్లో ఊరికే రాసేవాణ్ణి. ఇప్పుడు ఆధారం కూడా దొరికింది.

మా వీధిలో ఉండే విఠల్‌రావు గారు, రిటైరైన మనిషి, నా మాట మీద అదే కారు కొన్నారు. పద్దెనిమిదే వస్తోందని ఒకరోజు దిగులుగా వచ్చారు. "లోపం కారుది కాదు, పాదానిది," అన్నాను. చెప్పులు విడిచి నడపమన్నాను. రెండేళ్లుగా ఆయన గేటు దగ్గర చెప్పులు విడిచి, గుడి మెట్లెక్కినంత భక్తిగా కారెక్కుతున్నారు.

ఈసారి నా దగ్గరికి వచ్చినవారు మా కాలేజీలోనే పనిచేసే శ్రీనివాసరావు గారు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద వరి చేసుకున్న కుటుంబం. మొదటి కారు కొంటున్నారు, సోమవారం అడ్వాన్సు ఇవ్వాలి. "ఇంట్లో మా వాళ్లంతా వేరే కారు తీసుకోమంటున్నారు మాస్టారూ. నేను మాత్రం మీ ఇరవై ఏడు మీదే ఉన్నానండి," అన్నారు.

ఆ మాట మా అక్క భర్త నర్సారెడ్డి బావ చెవిన పడింది. బావది చెరకు, వరి వ్యవసాయం. ఆయనకూ ఇంచుమించు అంతే ఉండే వేరే కంపెనీ పెట్రోలు కారు ఉంది.

"నా బండి పద్దెనిమిది ఇస్తది, మస్తు ఇస్తే పంతొమ్మిది. నీది ఇరవై ఏడు యాడికెళ్లి ఇస్తది బామ్మర్ది? గది కారా, మోపెడా?"

పరీక్ష పెట్టుకున్నాం. రెండు కార్లకూ ఒకే బంకులో మూతిదాకా పోయించి, మహమ్మద్ నగర్ మీదుగా నిజాంసాగర్ డ్యాం దాకా వెళ్లి, తిరిగొచ్చి అదే బంకులో మళ్లీ మూతిదాకా పోయించాలి. రెండోసారి ఎంత పడితే అంత తాగినట్టు. శ్రీనివాసరావు గారు నా పక్క సీట్లో సాక్షి.

ఆదివారం పొద్దున బావ నిండా పోయించాడు. నేను పోయించలేదు. సుజాత బడికి వేసవి సెలవులిచ్చిన రోజే మా ట్యాంకు నింపాను; రోజూ తిరిగే పని లేదు కనుక ఆదివారం నింపడం మానేశాను. ఆ తరువాత పెళ్లిళ్లకు తిరిగిన ప్రతి కిలోమీటరూ పుస్తకంలో ఉంది. "ఇంకా పద్నాలుగు లీటర్లున్నాయి. నిండు ట్యాంకు అనవసరమైన బరువు. వచ్చాక నింపి, తీసివేత చేస్తే సరిపోతుంది," అన్నాను. న్యాయం కోసం, బావ డిక్కీలో ఉన్న మందు కొట్టే పంపును, దాని పెట్రోలు డబ్బాను కూడా దించమన్నాను.

"ఉండనియ్. గవి దించితే నా బండి నన్నే గుర్తువట్టది," అన్నాడు బావ.

నేను ఏసీ వేయలేదు. అద్దాలు దించితే గాలి బండిని వెనక్కి పట్టుకుంటుంది కనుక దించలేదు. మే నెల. కొంతదూరం పోయాక శ్రీనివాసరావు గారు చేతిరుమాలు పిండుకుంటూ, "మాస్టారూ, ఒక్క అంగుళం దించుదామాండీ?" అన్నారు. అంగుళంతోనే అన్నీ మొదలవుతాయని నెమ్మదిగా వివరించాను. మేం డ్యాం చేరేసరికి, ఏసీలో వచ్చిన బావ చల్లగా రెండో చాయ్ తాగుతున్నాడు.

తిరుగు దారిలో నేను ముందు, బావ వెనక. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. అక్కడ మా కారు దగ్గలేదు, మూలగలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీసిన పెద్దమనిషిలా ఆగిపోయింది. ముందు చక్రం వడ్ల అంచు మీదికి ఎక్కింది.

వడ్లు ఎండేలా అటూ ఇటూ నెరుపుతున్న అవ్వ చేతిలో పని ఆపింది. "ఓ సారూ, జర అవతలికి నూకుండ్రి. వడ్లు నలుగుతున్నయ్."

ఇద్దరం దిగి నెట్టాం. నేను నోటుబుక్కు తీసి చూశాను. అవ్వ కూడా తొంగి చూసింది.

"పెట్రోల్ అయిపోయిందేమో."

"పద్నాలుగు లీటర్లుంది అవ్వా."

"యాడుంది? బుక్కులనా?"

ఇంతలో బావ వచ్చాడు. ట్యాంకు మూత తీసి, చెవి ఆనించి, కారును రెండు చేతులా ఊపాడు. "కొబ్బరికాయ ఊపినా చప్పుడైతది. గిది ఐతలేదు," అన్నాడు.

ఇక మిగిలిన కారణం దొంగతనమే. సుజాతకు ఫోన్ చేశాను. చేతికి చెమట పట్టి ఉండటం వల్ల స్పీకరు మీద పెట్టాను; ఆ నిర్ణయం గురించి తరువాత చాలా ఆలోచించాను.

"మన కారులోంచి ఎవరైనా పెట్రోలు తీశారా?"

"ఎవరు తీస్తరు? ఆగిందా? సెలవులు గదా, నేను పోయించలే."

"నువ్వు పోయించడమేమిటి?"

"ముల్లు ఖరాబైన సంది వారానికోపారి పోయిస్తున్న గదా. నడిమిట్ల ఆగితే గా రోడ్డు మీద ఎవరి కోసం చూడాలె?"

"ఎంత పోయిస్తావు?"

"ఐదు లీటర్లో, ఆరో. యాది లేదు."

"నాకు చెప్పలేదే."

"మొదటిపారే చెప్పిన. మీరు కాలు ఎట్ల ఆనించాలెనో చెప్తుండిరి. నడుమ ఆపుడెందుకని ఇగ ఊకున్న."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. బావ డిక్కీ తెరిచి, దించమని నేను పట్టుబట్టిన డబ్బా తీసి, అందులోని పెట్రోలు మా ట్యాంకులో పోశాడు. శ్రీనివాసరావు గారు చాలా మర్యాదగా అడిగారు.

"ఇంతకీ ఈ కారు లీటరుకి ఎంతిస్తుందనుకోవచ్చండీ?"

"మా చెల్లె ఎంత పోస్తే గంత ఇస్తది," అన్నాడు బావ.

బంకులో నింపి చూస్తే బావ కారు, ఏసీతో, డిక్కీలో పంపుతో, పద్దెనిమిదిన్నర ఇచ్చింది. సెలవుల నుంచి, డబ్బాలోదీ కలిపి లెక్క కడితే నాది, అద్దాలు బిగించి, ఒక సాటి అధ్యాపకుణ్ణి ఉడికించి కూడా, పదిహేడు. శ్రీనివాసరావు గారు సోమవారం బావ కారు లాంటిదానికి అడ్వాన్సు ఇచ్చారు. స్టాఫ్‌రూములో నాకు స్వీటు పెడుతూ, "మీదీ మంచి కారేనండి," అన్నారు. ఆ ఓదార్పు స్వీటు కంటే నిదానంగా దిగింది.

ఆ నాలుగేళ్ల పేజీలు మళ్లీ తిరగేశాను. లెక్కలో ఒక్క తప్పు లేదు. ఒక మనిషి మాత్రం లేదు. నేను సౌమ్యత అని, సాధన అని పేరు పెట్టుకున్నది వారానికి ఐదారు లీటర్లు.

ఒక పని మిగిలింది: విఠల్‌రావు గారికి నిజం చెప్పాలి. నిన్న పొద్దున ధైర్యం చేసి వెళ్లాను. ఆయన అప్పుడే గేటు దగ్గర చెప్పులు విడుస్తున్నారు.

"సార్, మొన్న పద్దెనిమిదిన్నరకు వచ్చింది. ఇంక ఇరవై ఏడుకు ఎన్ని రోజులు పడ్తది?" అన్నారు. ఆ ముఖంలో ఎంత ఆశ ఉందంటే, తయారు చేసుకుని వెళ్లిన వాక్యం నోట్లోనే ఉండిపోయింది.

"మీ ఇంట్లో అమ్మగారు కారు నడుపుతారా?" అని అడిగాను.

"లేదు సార్, నేర్వలే."

"నేర్పించండి," అని చెప్పి వచ్చేశాను.